మెయిల్ చర్చల్లో జవాబు ఎలా రాయాలి: మా పర్లాకిమిడి, గుణుపురం పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, మెషీన్ ముందు కూర్చుంటే ఇంగ్లీషు. ఈ సరిహద్దు ఊళ్ళలో పుట్టిన చాలామందిలాగే నాకూ మూడూ అలవాటే. లినక్స్, లిబ్రెఆఫీస్, పైథాన్ లాంటి అందరూ కలిసి తయారుచేసే సాఫ్ట్‌వేర్ల గురించి దేశదేశాలవాళ్ళు మెయిల్స్‌లో చర్చించుకునే బృందాల్లో చాలా ఏళ్ళుగా ఉన్నాను. బృందం చిరునామాకి ఒక్క మెయిల్ పంపితే అందులో ఉన్నవాళ్ళందరికీ చేరుతుంది. మా పిల్లలు తెలివైనవాళ్ళు, ప్రశ్న బాగానే అడుగుతారు. అవతలి నుంచి మాట వచ్చాక తిరిగి రాయడం దగ్గరే తడబడతారు. ఎవరైనా ఒక్క ముక్క కటువుగా అన్నారంటే ఇక ఆ ఛాయలకే వెళ్ళరు. అలా ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. ల్యాబ్‌లో రోజూ నోటితో చెప్పేవాటిని అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

వాట్సాప్‌లో అడిగితే పది నిమిషాల్లో తేలిపోతుంది కదా, ఈ మెయిల్స్ ఎందుకు?

చిన్న సంగతైతే వాట్సాప్‌లోనే అడగండి, తప్పేం లేదు. కానీ కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం), డెబియన్ (ఒక రకం లినక్స్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) లాంటి పెద్ద పనులు ఈరోజుకీ మెయిల్స్ మీదే నడుస్తున్నాయి. ఏ మార్పు తీసుకోవాలి, ఏది వద్దు అన్న వాదన అక్కడే జరుగుతుంది. అక్కడ రాసిన ప్రతి ముక్కా దాచి ఉంచుతారు, ఎవరైనా ఎప్పుడైనా వెతికి చదువుకోవచ్చు. వాట్సాప్‌లో పొద్దున చెప్పిన జవాబు సాయంత్రానికి గుడ్ నైట్ బొమ్మల కింద పడిపోతుంది.

అందుకే జవాబు రాసేటప్పుడు అడిగిన మనిషి ఒక్కరే కళ్ళ ముందు ఉంటే చాలదు. నాలుగేళ్ళ తర్వాత ఏ రాయగడలోనో ఏ కాశీనగరంలోనో రాత్రి పదకొండింటికి అదే ఎర్రర్‌తో తల పట్టుకు కూర్చున్న పిల్ల గూగుల్‌లో వెతికి మీ మెయిల్ తెరుస్తుంది. ముందు వెనకలు తెలియని ఆ పిల్లకి కూడా మీ జవాబు అర్థం కావాలి. నేను కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

జవాబు పైన రాయాలా, కింద రాయాలా?

మధ్యలో రాయాలి. అవతలివారి ఉత్తరంలో మీరు జవాబిస్తున్న వాక్యం మాత్రం ఉంచి, దాని కింద మీ మాట రాయండి. తర్వాత ఇంకో వాక్యం, దాని కింద మళ్ళీ మీ మాట. ఇద్దరు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉండాలి.

జీమెయిల్‌లో రిప్లై నొక్కితే కర్సర్ పైన నిలబడుతుంది, పాత ఉత్తరమంతా మూడు చుక్కల వెనక దాక్కుంటుంది. మనం పైన రెండు ముక్కలు రాసి పంపేస్తాం. ఆఫీసులో ఇద్దరి మధ్య నడిచే మెయిల్‌కి అది సరిపోవచ్చు. అయిదారుగురు కలిసి నాలుగు విషయాలు మాట్లాడుకుంటున్న చోట "అవును, రెండోది చేసి చూశాను" అని పైన రాస్తే, ఏ రెండోది? చదివేవాళ్ళు కిందికి దిగి, వెతుక్కుని, మళ్ళీ పైకి రావాలి. రాసినవాళ్ళకి అర నిమిషం మిగులుతుంది, చదివే వందలమందికి తలా ఒక నిమిషం పోతుంది. కెర్నెల్ వాళ్ళు కొత్తవాళ్ళకిచ్చే సూచనల్లో ఈ సంగతి సూటిగానే రాశారు: అక్కర్లేనిది కోసెయ్యండి, మధ్యమధ్యలో జవాబు రాయండి, పైన రాయొద్దు.

ఒక నమూనా చూపిస్తాను. ఇంగ్లీషులో నడిచిన మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. అడిగినమ్మాయిది గుణుపురం. ఆ అమ్మాయి చెప్పే ఉబుంటు కూడా ఒక రకం లినక్సే.

నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను.
మా అక్క పెళ్ళి కార్డు లిబ్రెఆఫీస్‌లో తయారుచేస్తున్నాను.
ఒకే పేజీలో పైన ఒడియా, కింద తెలుగు ఉంటాయి.
ఒడియా బాగానే వస్తోంది, తెలుగులో వత్తులు విడిపోతున్నాయి.
పీడీఎఫ్‌గా మారిస్తే ఇంకా ఘోరంగా ఉంది.
నాది ఉబుంటు 22.04, లిబ్రెఆఫీస్ 7.3.
దయచేసి సాయం చేయగలరు.

దీనికి వెళ్ళిన జవాబు (ముందు గుర్తు ఉన్న వరసలు ఆ అమ్మాయి ఉత్తరంలోవి):

> ఒడియా బాగానే వస్తోంది, తెలుగులో వత్తులు విడిపోతున్నాయి.

పేజీ మొత్తానికి ఒకే ఒడియా ఫాంటు పెట్టారేమో చూడండి. అందులో తెలుగు అక్షరాలు లేకపోతే కంప్యూటర్ వేరే ఫాంటు వెతికి తెచ్చుకుంటుంది. తెలుగు పేరా ఒక్కటే సెలెక్ట్ చేసి లోహిత్ తెలుగు గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టి చూడండి.

> పీడీఎఫ్‌గా మారిస్తే ఇంకా ఘోరంగా ఉంది.

ఉబుంటు 22.04 మీదే, లిబ్రెఆఫీస్ 7.3తోనే చేసి చూశాను, నాకు ఇది రాలేదు. పీడీఎఫ్ తెరిచి, ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అన్నచోట ఏ పేర్లు కనిపిస్తున్నాయో ఇక్కడ రాయగలరా?

చూశారా, ఆ అమ్మాయి ఏడు వాక్యాల్లో రెండే మిగిలాయి. మిగిలినవి అక్కర్లేనివని కాదు, ఈ జవాబుకి వాటితో పని లేదు. "నాకు రాలేదు" అని ఊరుకోకుండా ఏ వెర్షన్ మీద చూశారో జవాబులోనే చెప్పారు. చివర అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, అదీ ఆ అమ్మాయి చూసి చెప్పగలిగింది. మంచి జవాబంటే నా దృష్టిలో ఇదే.

పాత ఉత్తరంలో ఎంత ఉంచాలి, ఎంత కోసెయ్యాలి?

1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సి 1855 అని ఒక పత్రం వచ్చింది. ఇంటర్నెట్‌లో ఉత్తర ప్రత్యుత్తరాల మర్యాద గురించి రాసినది. సందర్భం తెలిసేంత ఉంచితే చాలు అని అందులో చెప్పారు. ముప్పై ఏళ్ళయినా ఆ కొలత మారలేదు. నాలుగు పేజీల ఉత్తరాన్ని మొత్తం అతికించి కింద "థాంక్స్, పనిచేసింది" అని రాయడం వల్ల ఎవరికీ లాభం లేదు.

కోసేటప్పుడు రెండు జాగ్రత్తలు. "ఫలానావారు ఇలా రాశారు" అన్న పై వరస మాత్రం తీసెయ్యకండి. అది పోతే ఎవరి మాట ఎవరిదో తెలియక ఒకరన్నదానికి ఇంకొకరు తిట్లు తింటారు. రెండోది, అవతలివారి వాక్యాన్ని సగంలో తెంచకండి. ఒకసారి తొందరలో నేను ఒకాయన వాక్యంలో షరతు చెప్పిన సగం కోసేశాను. "పాత ఫైళ్ళు చెడిపోకుండా ఉండేట్టయితే నాకు అభ్యంతరం లేదు" అన్నది కాస్తా "నాకు అభ్యంతరం లేదు" అయింది. తర్వాత రాసినవాళ్ళంతా నేను ఉంచిన ముక్కే పట్టుకుని ముందుకు వెళ్ళిపోయారు. ఆయన రెండు రోజులు అందరికీ సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. తప్పు నాదని అదే చర్చలో రాసి క్షమాపణ అడిగాను. ఇప్పటికీ ఎవరి వాక్యమైనా కోసే ముందు చివరిదాకా ఇంకోసారి చదువుతాను.

రిప్లైనా, రిప్లై ఆలా?

చర్చకి సంబంధించిన మాట అయితే అందరికీ. ఒక మనిషికి మాత్రమే చెప్పాల్సింది అయితే ఆ మనిషికే. సాయం చేసే మాట ఒకరికే పంపితే మిగిలినవాళ్ళకి ఆ సమస్య తీరిందో లేదో తెలియదు. ఇద్దరు ముగ్గురు మళ్ళీ అదే జవాబు రాస్తూ కూర్చుంటారు. "మీది బరంపురమా, మాదీ బరంపురమే" లాంటి పలకరింపు అందరికీ పంపకండి. ఆ మనిషికి విడిగా రాయండి, సంతోషిస్తారు.

పంపే ముందు "టు" గడిలో ఏ చిరునామా ఉందో ఒకసారి కళ్ళతో చూడండి. కొన్ని బృందాల్లో రిప్లై నొక్కినా అందరికీ వెళ్ళిపోతుంది, కొన్నిచోట్ల రాసినవారికే వెళ్తుంది. ఎవరికో విడిగా రాయాల్సింది పొరపాటున అందరికీ వెళ్తే, ఆ మనిషికీ బృందానికీ ఒక్క వాక్యంలో క్షమించమని రాసి వదిలేయండి.

అందరికీ పంపడం చేతులు దాటితే ఏమవుతుందో చెప్పే సంఘటనలు ఉన్నాయి. 2016 నవంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ మెయిల్ వ్యవస్థలో ఒక పరీక్ష మెయిల్ పొరపాటున సుమారు 8.4 లక్షల ఖాతాలకి వెళ్ళింది. దానికి కొందరు రిప్లై ఆల్ కొట్టారు, మరికొందరు "రిప్లై ఆల్ కొట్టకండి" అని మళ్ళీ రిప్లై ఆల్ కొట్టారు. ఆ రోజు మెయిల్ నత్తనడక నడిచింది. 1997లో మైక్రోసాఫ్ట్ లోపలే ఇలాంటిది జరిగింది. చివరికి 2020లో వాళ్ళు తమ మెయిల్ సేవలో ఒక అడ్డుకట్ట పెట్టారు: 5,000 మందికి మించి ఉన్న మెయిల్‌కి గంటలో 10 రిప్లై ఆల్‌లు వస్తే, తర్వాతి నాలుగు గంటలు ఇక వెళ్ళవు. కాబట్టి "నన్ను ఇందులోంచి తీసేయండి" అని ఎవరైనా అందరికీ రాస్తే, మీరు అందరికీ జవాబివ్వకండి. బయటికి వెళ్ళే లింకు చాలాచోట్ల ప్రతి మెయిల్ అడుగునే ఉంటుంది. ఆ లింకు ఆ ఒక్క మనిషికే పంపండి.

కొత్త ప్రశ్న అడగడానికి ఏదో పాత మెయిల్ తెరిచి రిప్లై కొట్టి, సబ్జెక్టు మార్చేశాను. ఎందుకు కోప్పడ్డారు?

ఇది మా పిల్లలందరూ చేసే పని, చిరునామా టైప్ చేసే శ్రమ తప్పుతుందని. ఇందులో తప్పేమిటో వాళ్ళకి కనిపించకపోవడానికి కారణం ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ప్రతి మెయిల్‌కీ మెసేజ్-ఐడీ అని ఒక గుర్తు ఉంటుంది, మామూలుగా కంటికి కనిపించదు. మీరు రిప్లై కొట్టగానే మీ మెయిల్ లోపల ఇన్-రిప్లై-టు, రెఫరెన్సెస్ అనే రెండు వరసల్లో పాత మెయిల్ గుర్తు చేరుతుంది. చాలా మెయిల్ సాఫ్ట్‌వేర్లు ఈ గుర్తుల్ని బట్టే ఏది దేనికి జవాబో దండలా గుచ్చి చూపిస్తాయి. సబ్జెక్టు మార్చినా ఈ గుర్తు పోదు. జీమెయిల్ మాత్రం సబ్జెక్టు మారితే విడి సంభాషణగా చూపిస్తుంది. అందుకే మీ ఫోన్‌లో అంతా శుభ్రంగా కనిపిస్తుంది. అవతల థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాడే ఆయనకి మాత్రం నెట్‌వర్క్ కార్డు గురించి నడుస్తున్న చర్చ నడుమ మీ ప్రింటర్ ప్రశ్న దూరి ఉంటుంది. ఆ చర్చ అక్కర్లేదని ఆయన దండ మొత్తం మూసేసి ఉంటే మీ ప్రశ్న ఆయన కంట పడనే పడదు. ప్రింటర్ల గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయనే కావచ్చు.

కొత్త ప్రశ్నకి కంపోజ్ నొక్కి కొత్త మెయిలే రాయండి. చర్చ నడుస్తూ నడుస్తూ దానంతట అదే వేరే దారి పట్టిందనుకోండి, అప్పుడు సబ్జెక్టు మార్చి బ్రాకెట్‌లో "ఇంతకుముందు ఫలానా" అని పాత పేరు ఉంచితే చాలు.

రోజుకొక్కసారి అన్నీ కలిపి వచ్చే డైజెస్ట్ తెప్పించుకునేవాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. డైజెస్ట్‌కి రిప్లై కొడితే సబ్జెక్టులో డైజెస్ట్ నంబరే పడుతుంది, ఆ రోజు మెయిల్స్ అన్నీ అడుగున వేలాడతాయి. అసలు సబ్జెక్టు రాసి, మీకు కావాల్సిన ముక్క మాత్రం ఉంచండి. తరచుగా జవాబులు రాయాలనుకుంటే డైజెస్ట్ మానేసి విడివిడి మెయిల్సే తెప్పించుకోండి.

"రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళు గౌరవం అంతా సంబోధనలో పెట్టేసి, తర్వాత ప్రశ్నని గాలికి వదిలేస్తారు. "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్" అని బడిలో సెలవు చీటీకి నేర్పిన మాటలు రెండు వరసలు రాసి, ఏ వెర్షనో, ఏ ఎర్రరో రాయరు. చివర "కైండ్లీ డు ది నీడ్‌ఫుల్". ఏం చేయాలో అవతలివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

పైగా చదివేది సర్ కాకపోవచ్చు, మేడమ్ కావచ్చు. ఇలాంటి ఇంగ్లీషు బృందాల్లో అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు. ఇరవై ఏళ్ళ పిల్ల అరవై ఏళ్ళ ఆయన్ని "హలో" అని పేరుతో పలకరిస్తే అక్కడ అది మర్యాదే. మొదట్లో చెయ్యి రాదు, నాకూ రాలేదు. పేరు రాయడానికి ఇబ్బందిగా ఉంటే ఉత్త "హలో" చాలు.

తెలుగులోనే నడిచే చర్చల్లో అయితే "గారు", "మీరు" వదలకండి. చిన్నవాళ్ళని తెలిసినా సరే మీరు అనే అనండి. బ్రో, అన్నా, మామా లాంటివి ఎదురుగా బాగుంటాయి. రాతలో అవి చూసి కొత్తగా వచ్చిన అమ్మాయి ఇదంతా కుర్రాళ్ళ అడ్డా అనుకుని వెళ్ళిపోతుంది. వయసు తెలియని మనిషిని "అంకుల్" అని కూడా రాయకండి.

గౌరవం చూపాలంటే అవతలివారి సమయం మిగల్చండి. వాళ్ళు అడిగిన మూడు ప్రశ్నలకీ మూడు జవాబులు ఇవ్వండి. చేసి చూడమన్నది చేసి చూసి, ఏం జరిగిందో రాయండి. వాళ్ళు కోరేది అదే.

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. నవ్వుతారేమో?

నేను చూసినంతలో ఎవరూ నవ్వలేదు. జపాన్, బ్రెజిల్, పోలండ్ నుంచి రాసేవాళ్ళ ఇంగ్లీషు కూడా మనదిలాగే ఉంటుంది. పొట్టి వాక్యాలు రాయండి. ఒక వాక్యంలో ఒకే సంగతి పెట్టండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. మాట్లాడే భాషకీ రాసే భాషకీ మధ్య అడ్డుగోడ ఉండకూడదని ఆయన జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని వాళ్ళ భాష నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో ఉంటూ, అవతలివాళ్ళకి అర్థమయ్యే మాటలు వదిలి బరువైన ఇంగ్లీషు కోసం వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు పడే గుంటలు కొన్ని ఉన్నాయి. వాటిని గుర్తుంచుకోండి.

"పనిచేయలేదా?" అని అడిగితే తెలుగులో "ఆఁ, పనిచేయలేదు" అంటాం. "డిడింట్ ఇట్ వర్క్?" అన్న మెయిల్‌కి మా పిల్లలు అలాగే "యెస్" అని రాస్తారు. అవతలి మనిషి పనిచేసిందనుకుని వెళ్ళిపోతాడు. నేను చూస్తుండగా ఒక కుర్రాడి చర్చ ఇలా ఆరు రోజులు ఆగిపోయింది. యెస్, నో వదిలేసి "ఇట్ డిడ్ నాట్ వర్క్" అని పూర్తిగా రాయండి.

"ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకి ఒక ప్రశ్న ఉందని. అమెరికాలో ఉండి మీ మెయిల్ చదివేవాళ్ళకి మీరు వాళ్ళ మాట నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది. "క్వశ్చన్" అనండి.

తారీఖు 3/4 అని రాస్తే మనకి ఏప్రిల్ మూడు, అమెరికావాళ్ళకి మార్చి నాలుగు. నెల పేరు అక్షరాల్లో రాయండి. "రేపు సాయంత్రం" అనకుండా మన టైమ్ ప్రకారం ఎన్ని గంటలో చెప్పండి.

తెలుగులో రాయవచ్చా? తెలుగు బృందం అయితే నిక్షేపంగా రాయవచ్చు, తెలుగు లిపిలోనే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే రేపు ఎవరైనా తెలుగులో వెతికినప్పుడు అది దొరకదు.

ఎర్రర్‌ని ఫోటో తీసి పెడితే ఎందుకు వద్దంటారు?

ఫోటోలోని అక్షరాల్ని వెతకలేం, కాపీ చేసుకోలేం. కళ్ళు కనిపించక మెయిల్‌ని చదివించుకుని వినేవాళ్ళకి ఫోటో అసలు పనికిరాదు. పైగా మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే బృందాల్లో, నిర్వాహకులు మార్చకపోతే ఒక మెయిల్‌కి పరిమితి 40 కిలోబైట్లే. మీ ఫోన్ ఫోటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. మెయిల్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, మీరేమో ఎవరూ పలకలేదని బాధపడతారు. ఎర్రర్ అక్షరాల్ని ఉన్నవున్నట్టు అతికించండి. మీ మాటల్లో మార్చి చెప్పకండి.

అలాగే ప్లెయిన్ టెక్స్ట్‌లో పంపండి. రంగులు, బోల్డు, బొమ్మలు ఉన్న హెచ్‌టీఎంఎల్ మెయిల్స్‌ని కెర్నెల్ చర్చ నడిచే సర్వర్ తీసుకోదు, వెనక్కి పంపేస్తుంది. జీమెయిల్ కంపోజ్ గడిలో కింద మూడు చుక్కలు నొక్కితే ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ కనిపిస్తుంది. ఒకసారి పెట్టుకుంటే చాలు.

సంతకం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నాలుగు వరసలు దాటకూడదు. దాని పైన రెండు అడ్డగీతలు, ఒక ఖాళీ ఉన్న వరస పెడితే చాలా మెయిల్ ప్రోగ్రాములు అది సంతకమని గుర్తుపట్టి, జవాబులో వాటంతట అవే తీసేస్తాయి. అందులో ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు పెట్టకండి. ఈ మెయిల్స్ బహిరంగంగా ఉంటాయి, తర్వాత తీసేయించుకోవడం చాలా కష్టం. ఆడపిల్లలకి ఈ మాట మరీ మరీ చెప్తున్నాను.

ఎవరో గట్టిగా అన్నారు. ఏం చేయాలి?

ఆ పూట ఏమీ రాయకండి. కోపం వచ్చినప్పుడు రాత్రి గడిచాక పంపమని నేను పైన చెప్పిన 1995 నాటి పత్రంలోనే ఉంది. రాయాలనిపిస్తే నోట్‌ప్యాడ్‌లో రాసుకోండి. మెయిల్ గడిలో రాస్తే వేలు జారుతుంది.

తెల్లారాక ఆ మెయిల్ మళ్ళీ చదవండి. అందులో రెండు రకాల మాటలు ఉంటాయి: మీ పని గురించి, మీ గురించి. "ఈ కోడ్ నెమ్మదిగా నడుస్తుంది, పైగా రాసినవాడికి ఓనమాలు రావు" అన్నారనుకోండి. మొదటి సగం ఉంచి దానికి జవాబు రాయండి. రెండో సగం కోసేయండి, దాని ఊసే ఎత్తకండి. కోయడం నేర్చుకున్నందుకు ఇక్కడ ఎంత లాభమో అప్పుడు తెలుస్తుంది. చాలామంది రెండో మెయిల్‌లో మెత్తబడతారు, నేను ఎన్నోసార్లు చూశాను. పొట్టిగా రాసే అలవాటున్న మనిషి మాట కూడా మన చెవికి కటువుగా వినిపిస్తుంది. "గారు", "అండి" వినే చెవులు మనవి, ఆ భాషలో అవి లేవు.

నిజంగా హద్దు దాటితే భరించమని నేను చెప్పను. నిర్వాహకులకి విడిగా రాయండి. కెర్నెల్ చర్చల్లో ఏళ్ళ తరబడి మాటలు పడ్డవాళ్ళు ఉన్నారు. లినక్స్‌ని మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ అంతటివారు 2018 సెప్టెంబరులో తన మెయిల్స్‌లోని వ్యక్తిగత దాడులు తప్పని ఒప్పుకుని, అదే చోట క్షమాపణ రాసి, కొన్ని వారాలు పనికి దూరంగా ఉన్నారు. ఆ నెలలోనే అక్కడ ప్రవర్తన నియమావళి కూడా వచ్చింది. పెద్ద ప్రాజెక్టులు చాలావాటికి ఇప్పుడు అలాంటిది ఉంది. చేరినప్పుడే ఒకసారి చదువుకోండి.

జవాబే రాలేదు. మళ్ళీ అడగవచ్చా?

వారం ఆగండి. వాళ్ళలో ఎక్కువమంది సొంత పని అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని రాసేవాళ్ళు. వారం తర్వాత మీ మెయిల్‌కే మీరు జవాబు రాయండి, కానీ ఉత్త "ఎనీ అప్‌డేట్?" కాదు. ఈ వారంలో మీరు ఇంకేం చేసి చూశారో చేర్చండి. సబ్జెక్టులో "అర్జెంట్" అని రాయకండి. ప్రాజెక్టు గడువు మీ టెన్షన్, వాళ్ళది కాదు.

నాకు సగమే తెలుసు. జవాబు రాయవచ్చా?

తప్పకుండా రాయండి, సగమే తెలుసని చెప్పి రాయండి. "నాకూ ఇదే వస్తోంది" అని మాత్రం రాస్తే ఉపయోగం తక్కువ. "నాకూ వస్తోంది, కానీ డెబియన్ 12లో, అదీ వైఫై మీద ఉన్నప్పుడే" అంటే అది పెద్ద ఆధారం. మన పిల్లలు అడగడం దగ్గరే ఆగిపోతారు, జవాబు చెప్పేంతవాళ్ళం కామనుకుంటారు. నిన్న మీరు దాటిన గుంటలోనే ఈరోజు ఇంకొకరు ఉంటారు. వాళ్ళకి నిపుణుడికంటే మీరే బాగా చెప్పగలరు.

ఏఐతో జవాబు రాయించి పంపవచ్చా?

ఇంగ్లీషు దిద్దించుకోండి, నాకు అభ్యంతరం లేదు. దిద్దాక మీ మాట మారిపోలేదని చదివి చూసుకోండి. జవాబునే దాన్ని అడిగి, చేసి చూడకుండా అతికించడం మాత్రం తప్పు. చూడ్డానికి ఎంతో నమ్మకంగా ఉంటుంది, లేని కమాండ్‌ని ఉన్నట్టు చెప్తుంది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో వెబ్‌సైటు 2022 డిసెంబరులోనే చాట్‌జీపీటీ రాసిన జవాబుల్ని నిషేధించింది. అడిగినవాళ్ళకి కావాలంటే వాళ్ళే దాన్ని అడుగుతారు. మీ దగ్గరికి వచ్చింది మీరు చేసి చూశారని.

సమస్య తీరిపోయింది. ఇంకా ఏం రాయాలి?

అసలు రాయాల్సింది ఇప్పుడే. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది. కొన్నేళ్ళ క్రితం ల్యాబ్‌లో పన్నెండు మెషీన్లు ఒకేసారి సర్వర్‌కి కనెక్ట్ కావడం మానేశాయి. మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. రాత్రి తొమ్మిదింటికి వెతుకుతుంటే అచ్చం మా ఎర్రరే, అక్షరం తేడా లేకుండా, ఒక పాత చర్చలో కనిపించింది. గుండె తేలికపడింది. పది మెయిల్స్ చదువుకుంటూ చివరికి వచ్చాను. అడిగిన మనిషి రాసిన ఆఖరి మెయిల్: "సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు." అంతే. ఎలా తీరిందో లేదు. మేము రాత్రి రెండింటిదాకా కూర్చుని కనుక్కున్నాం, మెషీన్లలో గడియారం టైము తప్పింది. ఆ ఒక్క వాక్యం అక్కడ ఉండి ఉంటే అయిదు నిమిషాల పని.

మర్నాడు పరీక్ష అయ్యాక అదే చర్చకి నేను జవాబు రాశాను, ఏ ఎర్రర్, ఏ వెర్షన్, ఏం మార్చితే పోయింది అని. తర్వాత రెండేళ్ళలో ముక్కూ మొహం తెలియని ముగ్గురు నాకు విడిగా రాశారు, పనికొచ్చిందని.

కాబట్టి తీరిపోతే మూడు వాక్యాలు రాయండి. కారణం ఏమిటి, ఏం మార్చారు, ఎవరి సూచన పనిచేసింది. సబ్జెక్టు ముందు "సాల్వ్డ్" అని చేర్చే ఆనవాయితీ ఉంటే చేర్చండి. థాంక్స్ ఇందులోనే చెప్పేయండి, విడిగా ఉత్త థాంక్స్ మెయిల్ అందరికీ అక్కర్లేదు. మీకోసం గంటలు వెచ్చించిన మనిషికి మాత్రం విడిగా నాలుగు మాటలు రాయండి. జీతం లేకుండా చేసే పనికి వాళ్ళకి అందేది అదే.

సెలవులో ఉన్నప్పుడు ఆటోమేటిక్ జవాబు పెట్టుకోవచ్చా?

బృందాలకి వెళ్ళకుండా పెట్టుకోండి. జీమెయిల్‌లో అయితే "నా కాంటాక్ట్స్‌కి మాత్రమే" అన్న గడిలో టిక్ పెట్టండి. కుదరకపోతే ఆ పది రోజులూ బృందం మెయిల్స్ ఆపించుకోండి.

ఒకరు నాకు విడిగా రాసిన మెయిల్‌ని చర్చలో పెట్టవచ్చా?

వాళ్ళని అడగకుండా వద్దు. సంగతి అందరికీ పనికొచ్చేదైతే "ఇది అక్కడ పెట్టనా?" అని ఒక మాట అడగండి, దాదాపు అందరూ సరేనంటారు.

తప్పు జవాబు పంపేశాను. వెనక్కి తీసుకోవడం ఎలా?

జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ గడువు 30 సెకన్లదాకా పెట్టుకోవచ్చు, సెట్టింగ్స్‌లో ముందే పెట్టుకోండి. అది దాటితే ఇక రాదు, అప్పటికే వందలమంది దగ్గర ఉంది. మీ మెయిల్‌కే మీరు రిప్లై ఆల్ కొట్టండి. తప్పు వాక్యం ఒక్కటే ఉంచి, దాని కింద "ఇది తప్పు. నేను చూసింది 22.04లో కాదు, 20.04లో" అని రాయండి. ఎందుకు పొరపాటు జరిగిందో పేరా రాయక్కర్లేదు. సబ్జెక్టు మార్చకండి. మారిస్తే జీమెయిల్‌లో చదివేవాళ్ళకి మీ దిద్దుబాటు ఆ తప్పు మెయిల్ కింద కనిపించదు.